పందొమ్మిదో ప్రశ్న

బొంబాయి నుంచి వచ్చిన దరఖాస్తు ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. పాండురంగ్ ఇరవై ఒక్క ప్రశ్నలకు జవాబులు రాసేశాడు. మిగిలిన ఆ ఒక్కటీ తొమ్మిది రోజులుగా అతని బుర్ర తొలిచేస్తోంది.

దేశంలోని బ్యాంకులు సవ్యంగా నడుస్తున్నాయో లేదో చూసే పెద్ద ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం అది. నాలుగేళ్ళు గట్టిగా పనిచేస్తే తనిఖీకి పంపుతారట. అలా తనిఖీకి వచ్చినవాళ్ళను పాండురంగ్ ఒకసారి చూశాడు. రెండేళ్ళ కింద ఇద్దరు మనుషులు షోలాపూర్ వచ్చి, జోడ్‌భావి పేట్‌లోని నేతగాళ్ళ బ్యాంకులో ఆరు రోజులు కూర్చున్నారు. బీరువా తాళాలు తీసుకున్నారు, పుస్తకాలన్నీ ముందేసుకున్నారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. తాగే నీళ్ళు కూడా బస నుంచి కూజాలో తెచ్చుకున్నారు. బ్యాంకు డైరెక్టర్లలో ఒకడైన సిద్ధరాములు ప్రత్యేకంగా యాలకులు వేయించి తెప్పించిన చాయ్ వాళ్ళ ముందే మీగడ కట్టిపోయింది.

"పెండ్లికి పిలిచినట్టు పిలిచిన్నా నేను? చాయే గదా!" అని సిద్ధరాములు ఇప్పటికీ అంటుంటాడు.

పాండురంగ్‌కు మాత్రం వాళ్ళు నచ్చారు. ఆరో రోజు సాయంత్రానికి లెక్క సరిపోయిందో లేదో తేల్చి చెప్పి, కూజా బోర్లించి వెళ్ళిపోయారు. ఆ ఏడే అతని భార్య సుమిత్ర విషజ్వరంతో పోయింది. అప్పటి నుంచి ఇంట్లో ఏదీ తేలకుండా ఉంది. ఏదో ఒకటి తేలే పని చేయాలని అతనికి బలంగా అనిపించింది. మిల్లులో హాజరీ రాస్తూనే కామర్సు పుస్తకాలు మళ్ళీ దుమ్ము దులిపాడు. ఉద్యోగానికి వయసు ఇరవై ఏడు దాటకూడదు. వచ్చే మార్గశిరానికి అతనికి ఇరవై ఏడు నిండుతాయి. అంటే ఇదే మొదటి దరఖాస్తు, ఇదే ఆఖరిది.

పందొమ్మిదో ప్రశ్న ఇది: ఏదైనా బ్యాంకు డైరెక్టరుతో గానీ, ఉద్యోగితో గానీ మీకు బంధుత్వం ఉన్నదా? ఉంటే పేరు, బంధుత్వం రాయండి. కింద రెండు గీతలు. మొదటి గీత ముందు 'రక్తసంబంధం' అనీ, రెండో గీత ముందు 'వివాహసంబంధం' అనీ అచ్చువేసి ఉంది.

అతని తల్లి ద్రౌపది బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ప్రశ్న మొత్తం విన్నది.

"గింతేనా? రాసుకో మరి" అన్నది ఆకు కత్తిరిస్తూ. "బ్యాంకు జవాను పెంటయ్య నీకు బావైతడు. లెక్కలు రాసే నరసయ్యది మన గోత్రమే, అన్న. డైరెక్టరు రాజారాం సేఠ్ మీ నాయనను చిన్నాయనా అంటడు, గందుకని ఆయన నీకు అన్ననే. తిజోరి కాడ కూసునే ఆయన పెండ్లాం నాకు..."

"అమ్మా, రెండే గీతలున్నయి."

"అగో, రెండు గీతలిచ్చి సుట్టాలను రాయమంటరా? బొంబాయోళ్ళకు సుట్టాలు లేరా ఏంది?"

లోపల మగ్గం మీదున్న తండ్రి మల్లప్ప నేత ఆపకుండానే అరిచాడు. "పేటంత రాస్తే పేటకే నౌకరీ ఇయ్యాలె వాళ్ళు!"

గోడ అవతలి పెంటయ్యకు తన ఇంటి మాట, పక్కింటి మాట అనే తేడా లేదు. అతను గడప మీద వచ్చి కూర్చున్నాడు. "నా పేరు రాస్తే నాకేమన్న లఫ్డా అయితదా, పాండూ?"

"నిన్ను రాయను బావా. నువ్వు వరుసకు బావవు, అంతే."

"వరుసకు అంటే ఏంది? నీ పెండ్లిల కాళ్ళు గడిగేటప్పుడు చెంబు పట్టింది ఎవడు?" పెంటయ్య కాసేపు అలిగి, ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "కాని ఒక్క మాట ఇను. 'ఉన్నరు' అని రాసినోళ్ళ ఫారాలు విప్పరంట. పక్కకు పెడ్తరంట. తనిఖీకి పోయేటోనికి సుట్టం ఉండొద్దు. మొన్న పండరిపురం పిలగాడు 'లేరు' అని కొట్టేసిండు. పిలుపొచ్చింది వానికి."

గోత్రాల వరుసలన్నీ కొట్టేసినా ఒక్క మనిషి మిగులుతాడు. సిద్ధరాములు. తన తల్లికి సొంత తమ్ముడు. సుమిత్రకు తండ్రి. మేనమామ బిడ్డను చేసుకోవడం వాళ్ళలో మామూలే. పాండురంగ్ పెళ్ళిలో ఒకే మనిషి ఇటు మేనమామగా బట్టలు పెట్టి, అటు పెళ్ళికూతురి తండ్రిగా కాళ్ళు కడిగాడు. ఒకే రోజు అటూ ఇటూ తిరగలేక ఆయన మోకాళ్ళు పట్టేశాయి.

మొదటి గీత మీద ఆ పేరు రాయక తప్పదు. మరి రెండో గీత? సుమిత్ర లేదు. ఆమె లేకపోయాక ఆ బంధుత్వం ఉన్నట్టా, లేనట్టా? లేదని రాయడానికి చేయి ఆడదు. ఉందని రాస్తే, లేనిదాన్ని ఉందన్నట్టవుతుందా? అసలు ఏమీ లేదని రెండు గీతలూ కొట్టేస్తే ఉద్యోగమైనా వస్తుందా?

ఆయననే అడుగుదామని ఆదివారం పూట వెళ్ళాడు. ప్రతి ఆదివారం అత్తగారింట్లోనే అన్నం తినడం అలవాటు. సుమిత్ర పోయాక మానేద్దామనుకున్నాడు గానీ, మొదటి ఆదివారం వెళ్ళని మర్నాడే చంద్రభాగ అత్త టిఫిన్ డబ్బా పట్టుకుని మిల్లు గేటు దగ్గర నిలబడింది. ఆమెను ఎండలో నిలబెట్టడం కంటే తానే వెళ్ళడం నయమనిపించింది.

సిద్ధరాములు నూలు చిలపలకు రంగు వేసి ఆరేస్తున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. ప్రశ్న మొత్తం విని, చేతులు ముందుకు చాచి అట్లాగే నిలబడ్డాడు.

"రాస్తే నౌకరీ పోతదా?"

"పోవచ్చు మామా. తెల్వదు."

"అయితే రాయకు."

"అబద్ధం అయితది గద."

"ఏం అబద్ధం?" ఆయన చిలప దులిపి దండెం మీద వేశాడు. ముఖం అటువైపే ఉంది. "రాయకు అన్న గద. నేను నీకు ఏం కాను. బస్."

పాండురంగ్ అన్నం తిన్నాడు. ఏం కూరో తెలియలేదు. ఆ 'ఏం కాను' అన్న మాట కోపంతో అన్నాడా, బాధతో అన్నాడా, విసుగుతో అన్నాడా? దారి పొడుగునా మూడు విధాలుగానూ చెప్పుకుని చూశాడు. మూడూ సరిపోయినట్టే ఉన్నాయి.

ఇంటికి వచ్చి, కలం తీసి, మొదటి గీత మీద రాశాడు: సిద్ధరాములు, డైరెక్టర్, నేతగాళ్ళ బ్యాంకు, తల్లికి తమ్ముడు. రెండో గీత ముందు కలం చాలాసేపు ఆగింది. గూట్లో సుమిత్ర కండెలు చుట్టే చిన్న రాట్నం ఉంది. దాన్ని తల్లి రోజూ తుడుస్తుంది, ఎవరూ తిప్పరు. పాండురంగ్ దానివైపు చూడకుండానే రెండో గీత మీద కూడా అదే పేరు రాశాడు: సిద్ధరాములు, డైరెక్టర్, అదే బ్యాంకు, భార్యకు తండ్రి. సిరా ఆరకముందే మడిచి, తపాలా పెట్టెలో వేసి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు.

వర్షాలు మొదలయ్యాయి. ఉత్తరం రాలేదు. పెంటయ్య మాత్రం ఈ మధ్య అతన్ని చూస్తే అదోరకంగా నవ్వుతున్నాడు.

"ఇంక నీకు అడ్డమేం లేదు పాండూ" అన్నాడు ఒకరోజు నల్లా దగ్గర.

"దేనికి బావా?"

"అదే... వానకు. వాన తగ్గింది గద" అని బిందె నిండకుండానే ఎత్తుకుపోయాడు. చినుకులు అప్పుడే పెద్దవవుతున్నాయి.

అత్తగారింట్లో కూడా ఏదో మారింది. నెలనెలా మొదటి శనివారం బ్యాంకులో డైరెక్టర్లు కూర్చుంటారు. ఆ రోజు కోసం సిద్ధరాములు ఒక నల్ల కోటు కుట్టించుకున్నాడు. శనివారం వేసుకున్న ఆ కోటును ఆదివారం అల్లుడు వచ్చేవేళకు గుమ్మం ఎదుటే ఎండకు వేస్తాడు. అదేం చిత్రమో, ఇప్పుడు మూడు నెలలుగా అది గోడ కొయ్యకే ఉంది. భుజాల మీద సన్నగా నూలు దూది పేరుకుంది. వానాకాలం గదా, ఎండ ఏదీ అనుకున్నాడు పాండురంగ్.

వినాయకుడి నిమజ్జనం అయిన మర్నాడు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది.

పిలుపు చూసి పాండురంగ్ సంతోషించడం కంటే ఎక్కువ తికమకపడ్డాడు. ఉన్నరని రాస్తే ఫారం విప్పరన్నారే! విప్పారా, లేక విప్పకుండానే పిలిచారా? మల్లప్ప పండగకు కట్టుకునే ధోవతి ఇస్తానన్నాడు. వద్దని, ఇస్త్రీ చేసిన ప్యాంటుతో బొంబాయి మెయిలు ఎక్కాడు. చంద్రభాగ అత్త జొన్న రొట్టెలూ, పల్లీల షేంగా చట్నీ కట్టిచ్చింది. మామ స్టేషనుకు వచ్చాడు. బండి కదిలాక, పక్కనే నాలుగడుగులు నడిచి, "చక్కగ కూసో, వంగి కూసోకు" అన్నాడు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మధ్యలో బట్టతల ఆయన, ఉత్తరాది మనిషి. ఎడమన మరాఠీ ఆయన. కుడిన ముసలాయన ఒకరు ఫైలు చూసుకుంటూ తల ఎత్తడం లేదు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. పాండురంగ్ బ్యాంకుల చట్టం మొత్తం కంఠతా పట్టాడు. దాని మీద ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. జవాబు సరిగ్గానే వచ్చింది. ఆ తర్వాత బట్టతల ఆయన ఫారం తిప్పాడు.

"పందొమ్మిదో ప్రశ్న దగ్గర ఒకే పేరు రెండుసార్లు రాశారు. పొరపాటా?"

"కాదండీ."

"ఒకే పేరుగల వాళ్ళు ఇద్దరున్నారా?"

"లేరండీ. ఒక్కరే."

"మీ తల్లికి తమ్ముడు, మీ భార్యకు తండ్రి, ఒకే మనిషి?"

"అవునండీ."

బట్టతల ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు మరాఠీ ఆయన గొంతు సవరించుకుని, అది దక్కనులో ఉన్న ఆచారమేనని చెప్పాడు. కాస్త ఆగి, "నేనూ మా మేనమామ కూతురినే చేసుకున్నాను" అన్నాడు. బట్టతల ఆయన అతనివైపు తిరిగి, పక్క కుర్చీలో కొత్త మనిషెవరో కూర్చున్నట్టు చూశాడు. పన్నెండేళ్ళుగా ఒకే గదిలో పనిచేస్తున్నారట వాళ్ళు.

"సరే. మీ భార్య ఏం చేస్తుంటారు?"

"ఆమె లేదండీ. రెండేళ్ళ కింద పోయింది."

కిందెక్కడో ట్రాము గంట వినిపించింది.

"క్షమించండి" అన్నాడు బట్టతల ఆయన. "కానీ ప్రశ్న, బంధుత్వం ఉన్నదా అని. ఇప్పుడు. మరి రెండో గీత మీద..."

ఈ ప్రశ్న వస్తుందని పాండురంగ్‌కు తెలుసు. బొంబాయి మెయిలు చప్పుడులో రాత్రంతా జవాబు కూర్చుకున్నాడు కూడా. అందులో చట్టం మాటలు చాలా ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఆమె పోయిందండీ. ఆయన పోలేదు" అన్నాడు.

అప్పుడు ముసలాయన తల ఎత్తాడు. ఫైల్లోంచి ఒక కాగితం తీసి, వేలితో పై నుంచి కింది దాకా వచ్చి, మళ్ళీ పైకి వెళ్ళాడు.

"మీ ఊరి బ్యాంకు డైరెక్టర్ల జాబితా ఇది. పోయిన నెలది. ఇందులో సిద్ధరాములు అనే పేరు లేదు."

పాండురంగ్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఉండాలండీ."

"లేదు. మీరే చూడండి."

చూశాడు. ఏడు పేర్లు. రాజారాం సేఠ్ ఉన్నాడు. మామ ఉండవలసిన చోట ఎవరో కొత్త పేరు.

"ఆయన్ను మీరు కలిసి ఎన్నాళ్ళయింది?"

"ప్రతి ఆదివారం వాళ్ళింట్లోనే తింటానండీ."

"అయినా మీకు తెలియదు?"

"తెలియదండీ."

"ఎందుకు మానుకున్నారో?"

"తెలియదండీ."

"మీకు ఎందుకు చెప్పలేదో?"

"అదీ తెలియదండీ."

ఎంత చదివి వచ్చినా చివరికి నోట్లో మిగిలింది ఆ ఒక్క మాటే. లేని డైరెక్టరును సృష్టించి రాసినవాణ్ణి బ్యాంకుల తనిఖీకి ఎవరు పెట్టుకుంటారు? ముసలాయన మూత పెట్టి ఉన్న తన నీళ్ళ గ్లాసును బల్ల మీద ముందుకు జరిపాడు. పాండురంగ్‌కు ఆ కూజా గుర్తొచ్చింది. ఇక్కడి నీళ్ళు తాగొచ్చా, తాగకూడదా? ఇది కూడా పరీక్షేనా? "తాగండి. నేనింకా ముట్టుకోలేదు" అన్నాడు ముసలాయన. తాగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి.

మర్నాడు పొద్దున షోలాపూర్‌లో దిగేసరికి మిల్లు భోంగా కూత పెడుతోంది. ఇంటికి పోకుండా సంచీతోనే మామ ఇంటికి వెళ్ళాడు. సిద్ధరాములు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, తెగిన పోగు అతుకుతున్నాడు.

"ఏమైంది రా? వంగి కూసున్నవా?"

"మామా, నువ్వు డైరెక్టరువు కావా?"

పోగు పట్టిన వేళ్ళు ఆగిపోయాయి. వంటింట్లోంచి చంద్రభాగ అత్త పరుగున వచ్చింది. "హమ్మయ్య, తెలిసిందా? మూడు నెల్ల సంది నా నోటికి తాళమేసిండు. ఆ పెంటయ్యకైతే ఒట్టు బెట్టిచ్చిండు!"

"రాజీనామా ఇచ్చిన" అన్నాడు సిద్ధరాములు. "నువ్వు వచ్చి అడిగిన మర్నాడే. నాకు ఆడ ఏం పని? సంతకం బెట్టుడు, తల ఊపుడు. ఎవడన్న ఊపుతడు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇయ్యనిస్తుంటివా? నీకు అడ్డం ఉండొద్దని ఇచ్చిన. 'లేరు' అని రాస్తే అబద్ధం కావద్దు గద." ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "రాసినవ్ గద, లేరని?"

పాండురంగ్ సంచీ కింద పెట్టాడు. "నీ పేరు రాసిన."

"ఏంది?"

"రెండుసార్లు రాసిన. డైరెక్టరని."

సిద్ధరాములు మగ్గం గుంటలోంచి లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. "నీకేమన్న పిచ్చా? నేను నీకు ఏం కాను అని చెప్పిన గద నోరిప్పి!"

"అది నిజంగనే అంటివా, కోపంగ అంటివా? మూడు నెల్ల సంది అదే ఆలోచిస్తున్న."

"కాయితం మీద అన్న రా!" మామ అరిచాడు. "కాయితం మీద ఏం కానన్న. అంతే అన్న."

చంద్రభాగ అత్త ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఒకడు ఉన్నదంత తీసేస్తడు, ఒకడు లేనిదంత రాస్తడు. మీ ఇద్దరికీ నౌకరీ ఇస్తే బొంబాయి మునుగుతది" అని లోపలికి పోయింది. పొయ్యి ఊదుతున్న చప్పుడూ, మధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడూ వినిపించాయి.

ఉద్యోగం పోయినట్టేనని అందరూ అనుకున్నారు. పాండురంగ్ కూడా అనుకున్నాడు. చిత్రంగా, ఆ నెల రోజులూ అతనికి అన్నం రుచి తెలిసింది. దీపావళి దగ్గర పడుతుండగా లావుపాటి కవరు వచ్చింది.

ఉద్యోగం ఇచ్చారు. రాసింది నిజమని ఇచ్చారో, రాసింది ఇప్పుడు నిజం కాదని ఇచ్చారో, ఆ ముసలాయనకు జాలి కలిగి ఇచ్చారో, ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. చివర మాత్రం ఒక షరతు ఉంది: ఈ అభ్యర్థిని ఎన్నడూ షోలాపూర్ జిల్లాలోని బ్యాంకుల తనిఖీకి పంపరాదు.

అది విని సిద్ధరాములు ముఖం చిన్నబోయింది. "అంటే మా బ్యాంకుకు నువ్వు రానే రావా?"

"రాను మామా."

"అగో! నువ్వు కోటు బూటు ఏసుకొని వస్తవు, నేను చాయ్ తెప్పిస్త, నువ్వన్న తాగుతవు అనుకుంటి గద."

"వచ్చినా నీ చాయ్ తాగకపోదును. కాయిదా ఒప్పుకోదు."

"తాగకపోదువా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చి, "కుర్చీ కూడ పాయె. దాంట్లె రాజారాం సేఠ్ తోడల్లుడు కూసున్నడు" అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు ఎంతవరకు నవ్వో పాండురంగ్‌కు తెలియలేదు.

కవరులో చేరేటప్పుడు నింపవలసిన ఫారం కూడా ఉంది. అందులోనూ అదే ప్రశ్న, అవే రెండు గీతలు. సిద్ధరాములు పక్కనే కూర్చుని చూస్తుండగా పాండురంగ్ రెండు గీతల మీదా 'లేరు' అని రాశాడు. ఇప్పుడది నిజం. మామకు ఆ ఫారం చదవడం రాకపోయినా, కలం ఎంత తక్కువసేపు కదిలిందో చూశాడు.

"అయిపాయెనా?" అన్నాడు, ఎటో చూస్తూ.

"ఇంకొకటున్నది."

ఆఖరి ప్రశ్న: మీకు జబ్బు చేస్తే, ఆపద వస్తే ఎవరికి తంతి ఇవ్వాలి? పేరు, బంధుత్వం, చిరునామా. తండ్రి పేరు రాయవచ్చు. మల్లప్ప లోపలి నుంచి, మగ్గం ఆపకుండానే, "నాకొద్దు. తంతి వచ్చిందంటెనే నా గుండె ఆగుతది. మీ మామది రాయి" అని అరిచాడు.

పాండురంగ్ రాశాడు. పేరు తొందరగానే అయింది. బంధుత్వం రాసే గడి మాత్రం చిన్నది. తల్లికి తమ్ముడు అని రాసి, భార్యకు తండ్రి అని కూడా రాయబోతే చోటు చాలలేదు. అక్షరాలు చిన్నవి చేశాడు. గీత దాటి, అంచు దాకా వెళ్ళి, మలుపు తిప్పి పై వరకూ రాశాడు.

సిద్ధరాములు మెడ సాచి చూశాడు. "గంత పొడుగు ఏం రాస్తున్నవ్ రా?"

"నిన్నే" అన్నాడు పాండురంగ్, సిరా ఆరేదాకా ఊదుతూ.